మోడల్ టీ వెనక యాక్సిల్: సీల్డ్ బేరింగ్ కంటే ముందు థ్రస్ట్ వాషర్లు చూడండి

మీ పాతకాలపు ఫోర్డ్ మోడల్ టీ కారుకి వెనక చక్రాల దగ్గర చప్పుడు వస్తోంది, ఆయిల్ కారి బ్రేకు షూలు తడుస్తున్నాయి, పాత బేరింగులు తీసేసి ఇప్పటి సీల్డ్ బేరింగులు (గ్రీజు లోపలే ఉండేలా మూసేసినవి) వేస్తే ఇవన్నీ పోతాయా అన్నది కదా మీ ప్రశ్న. నా దగ్గర 1926 మోడల్ టీ ఉంది, వెనక యాక్సిల్ పూర్తిగా విప్పి మళ్లీ కట్టాను. బయటి బేరింగ్ ఒక్కటి మారిస్తే చాలదు, ముందు చూడాల్సింది అది కాదు కూడా.

డిఫరెన్షియల్‌కి, అంటే యాక్సిల్ మధ్యలో రెండు వెనక చక్రాలకీ బలం పంచే గేర్ల గుత్తికి, రెండు వైపులా థ్రస్ట్ వాషర్లు (పక్క తోపుడుని ఆపే బిళ్లలు) ఉంటాయి. కంపెనీ వేసినవి బాబిట్‌వి, అంటే మెత్తటి మిశ్రలోహం. అన్నేళ్ల తర్వాత అవి ముక్కలై రాలిపోతాయి, నాది ఒకటి విప్పగానే చేతిలోనే విరిగింది. అది పోయిందంటే క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్‌ని తిప్పే పెద్ద పళ్ల చక్రం) పక్కకి జరిగి, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్ పళ్లని వదిలేస్తుంది. మోడల్ టీ కాలి బ్రేకు చక్రాల మీద కాదు, ట్రాన్స్‌మిషన్ (గేరు పెట్టె) మీద పనిచేస్తుంది కాబట్టి పళ్లు విడిపోయిన క్షణం నుంచి కాలి బ్రేకు లేనట్టే. మిగిలేది వెనక డ్రమ్ముల్లోని చేతి బ్రేకు, మీ బండిలో దాని షూలేమో ఆయిల్‌లో నానుతున్నాయి! దయచేసి కంచు వాషర్లు వేసేదాకా బండి బయటికి తీయకండి.

ఇక బేరింగ్ సంగతి. ఇందులోవి హయాట్ రకం రోలర్లు, వాటికి లోపలి రేస్ (రోలర్లు దొర్లే ఉక్కు రింగు) ఉండదు, నేరుగా షాఫ్ట్ మీదే దొర్లుతాయి. అంటే షాఫ్టే అరుగుతుంది. రోలర్లు తిరిగే చోటా, అరగని చోటా మైక్రోమీటర్ పెట్టి షాఫ్ట్ మందం కొలిచి చూడండి, తేడా బాగా ఉంటే కొత్త రోలర్లు వేసినా చప్పుడు పోదు, షాఫ్ట్ మార్చాల్సిందే. రోలర్లు నిలువు బరువు మాత్రమే మోస్తాయి, మలుపుల్లో వచ్చే పక్క తోపుడు షాఫ్ట్ గుండా లోపలి వాషర్ల మీదికే పోతుంది. సీల్డ్ బాల్ బేరింగ్ బిగిస్తే ఆ తోపుడు ఎక్కడ ఆగుతుందో ముందే తేల్చుకోవాలి, లోపలి వాషర్లూ, ఈ బేరింగూ రెండూ ఆ తోపుడుని పట్టేస్తే కొత్త బేరింగే ముందు పోతుంది.

ఆయిల్ కారడానికి చాలాసార్లు కారణం ఆయిల్ ఎక్కువ పోయడం, ముందు లెవెల్ చూడండి. పాత ఫెల్ట్ (ఉన్ని) సీల్ బదులు రబ్బరు లిప్ సీల్ (షాఫ్ట్‌ని అంచుతో పట్టి ఆయిల్ ఆపేది) వేస్తే బాగా ఆగుతుంది, కానీ సీల్ ఆనే చోట షాఫ్ట్ నున్నగా ఉండాలి, గాడి పడి ఉంటే పావు మిల్లీమీటరు మందం ఉండే రిపేర్ స్లీవ్ (షాఫ్ట్ మీద తొడిగే పల్చటి ఉక్కు గొట్టం) ఎక్కించండి.

డిజైన్ పరంగా నిజంగా మెరుగుపరచాలనుకుంటే ఫ్లోటింగ్ హబ్బులు వేయించండి. ఇప్పుడు బండి బరువు, తిప్పే బలం రెండూ షాఫ్టే మోస్తోంది, అది విరిగితే చక్రం ఊడి పోతుంది. ఫ్లోటింగ్ హబ్‌లో బరువు యాక్సిల్ గొట్టం మీదికి వెళ్తుంది, షాఫ్ట్ విరిగినా చక్రం నిలబడుతుంది. నాకు మనశ్శాంతి ఇచ్చిన మార్పు ఇదే. పాత హబ్బులే ఉంచుకుంటే మాత్రం టేపర్ (హబ్ కూర్చునే షాఫ్ట్ సన్నబడే చివర) శుభ్రంగా తుడిచి, హబ్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే కొత్త కీ వేసి, నట్టు బాగా బిగించి, కొంచెం తిప్పాక మళ్లీ బిగించండి.