పంపేముందు ఒక్క ఫోన్ చెయ్యి బుజ్జీ

బుజ్జీ, నీకు పార్వతీపురం ఏజెన్సీలో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరుగా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషంరా. నీకు వైద్యం నేను నేర్పక్కర్లేదు కానీ స్టాఫ్ నర్సుగా ముప్పై ఏళ్లు చేశాను కాబట్టి రిఫరల్ గురించి, అంటే మన దగ్గర కుదరని కేసుని పై ఆసుపత్రికి పంపడం గురించి మాత్రం చెప్తాను విను.

కాగితం మీద అంతా వరసగానే ఉంటుంది, మైదానంలో 30,000 మందికి, కొండల్లో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ, దానిపైన 30 పడకల సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం), తర్వాత ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, ఆఖరికి విశాఖలో పెద్దాసుపత్రి కేజీహెచ్. ఈ వరస నమ్మే నా సర్వీసు కొత్తలో కాన్పయ్యాక రక్తం ఆగని ఒకామెని దగ్గర్లో ఉన్న చోటికి జీపులో పంపాం, అప్పటికింకా 108 లేదు, అది 2005లో కదా వచ్చింది. అక్కడ మత్తు డాక్టరు సెలవు, ఇంకోచోటికి పంపితే ఆమె గ్రూపు రక్తం లేదన్నారు, పెద్దాసుపత్రికి చేరేసరికి తెల్లారిపోయింది, ఆమె దక్కలేదు. ముందే కనుక్కుని ఉంటే నేరుగా అక్కడికే పంపేవాళ్లం కదా అని ఇప్పటికీ నాకు నిద్రపట్టదు.

అందుకే 108 ఎక్కించేలోపే ఫోన్ చేసి, మత్తు డాక్టరున్నారా, రక్తముందా అని అడుగు. లేదంటే ఆ ఊరు దాటించి పంపెయ్, ఎవరేమనుకున్నా పర్లేదు. చీటీ మీద ఊరికే "హయ్యర్ సెంటర్" అని రాసెయ్యకు, బీపీ ఎంత, ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం ఎన్నిగంటలకి ఎంతిచ్చావు, అన్నీ రాయి, లేకపోతే అక్కడ మళ్లీ మొదట్నించీ మొదలెడతారు.

ఇంకోటి, మన పీహెచ్‌సీలు డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యాధికారి) కింద, బోధనాసుపత్రులు డీఎంఈ (వైద్య విద్య డైరెక్టర్) కింద, మధ్యవాటికి 1986లోనే చట్టం చేసి వైద్య విధాన పరిషత్ అని వేరే పెట్టారు, ఇప్పుడది సెకండరీ హెల్త్ డైరెక్టరేట్ అయింది. పై అధికారులు వేరు కాబట్టి నువ్వు పంపిన మనిషి ఏమయ్యారో నీకెవరూ చెప్పరు, మర్నాడు నువ్వే అడగాలి, డిశ్చార్జి అయ్యాక ఏఎన్ఎంని ఇంటికి పంపాలి.

వాగులు పొంగే ఊళ్ల గర్భిణీల లిస్టు ఆశాల దగ్గర ముందే తీసుకో, నెలలు నిండకముందే సాలూరులో పెట్టినట్టు వసతి గృహం ఉంటే అక్కడికి దింపించెయ్.

జాయినైన వారంలోనే సీహెచ్‌సీకి వెళ్లి అక్కడి గైనిక్ మేడంని, క్యాజువాలిటీ సిస్టర్‌ని కలిసి నంబర్లు తీసుకో. నా పేరు కూడా చెప్పు, పాతవాళ్లెవరైనా గుర్తుపడతారేమో.

మీ పెద్దమ్మ