అడ్రసులో కేంబ్రిడ్జ్, బిల్లులో సౌత్ కేంబ్రిడ్జ్‌షైర్

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ దగ్గరున్న కేంబోర్న్ అనే ఊళ్లో కొత్తగా దిగిన ఒక తమ్ముడు కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను లాంటిది) కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "అన్నా, అడ్రసులో కేంబ్రిడ్జ్ అనే ఉంది. కేంబ్రిడ్జ్ సిటీ కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే మీరు మా పరిధిలోకి రారంటున్నారు. మరి ఈ బిల్లు పంపిన సౌత్ కేంబ్రిడ్జ్‌షైర్ వాళ్లెవరు? ఇదేమైనా స్కామా?"

స్కామ్ కాదు. ఇక్కడికొచ్చిన మనవాళ్లలో సగం మందికి మొదటి నెలలో వచ్చే సందేహమే ఇది.

మన గారెను ఊహించుకోండి. మధ్యలో చిల్లు కేంబ్రిడ్జ్ నగరం, చుట్టూ ఉన్నదంతా సౌత్ కేంబ్రిడ్జ్‌షైర్ డిస్ట్రిక్ట్. చిల్లుకి ఒక కౌన్సిల్, గారెకి ఇంకో కౌన్సిల్. అడ్రసులో కేంబ్రిడ్జ్ అని ఉండటం పోస్టాఫీసు సౌకర్యం కోసం, దాన్ని బట్టి కౌన్సిల్‌ని నిర్ణయించకూడదు. ఈ డిస్ట్రిక్ట్ 1974లో రెండు గ్రామీణ డిస్ట్రిక్టులు కలిస్తే పుట్టింది. వందకు పైగా ఊళ్లున్నాయి, 2021 జనాభా లెక్కల్లో సుమారు 1,62,000 మంది. విచిత్రం ఏమిటంటే, 2004 దాకా ఈ కౌన్సిల్ ఆఫీసు తన పరిధిలో లేని కేంబ్రిడ్జ్ నగరంలోనే ఉండేది. తర్వాతే కేంబోర్న్‌కి మారింది.

డిస్ట్రిక్ట్ అన్నారు కదా అని కలెక్టర్ గారి కోసం వెతకకండి. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన మండలం లాంటిది. దానిపైన ఉండే కౌంటీ కౌన్సిల్‌ని మన జిల్లా పరిషత్ అనుకోవచ్చు. కింద ఊరికో పారిష్ కౌన్సిల్, అంటే పంచాయతీ. కేంబోర్న్, నార్త్‌స్టో లాంటి కొత్త ఊళ్లలో దాన్నే టౌన్ కౌన్సిల్ అంటారు. వీటన్నిటికీ తోడు 2017 నుంచి పక్కనున్న పీటర్‌బరో నగరంతో కలిపి ఒక ఎన్నికైన మేయర్ కూడా ఉన్నారు. బస్సుల గొడవలన్నీ ఆ మేయర్ ఖాతాలోకే వెళ్తాయి.

ఇప్పుడు బిల్లు సంగతి. డబ్బు వసూలు చేసేది డిస్ట్రిక్ట్, కానీ అందులో డిస్ట్రిక్ట్‌కి మిగిలేది పదో వంతు లోపే. సింహభాగం కౌంటీకి పోతుంది, మిగతాది పోలీసు, ఫైర్, మేయర్, పారిష్ పంచుకుంటారు. ఇంటి బ్యాండ్, అంటే పన్ను తరగతి, 1991 ఏప్రిల్ నాటి విలువను బట్టి వేస్తారు. నిన్న కట్టిన ఇంటికి కూడా, 1991లో ఉండి ఉంటే ఎంత పలికేదో ఊహించి వేస్తారు! అద్దె ఇల్లయినా కట్టాల్సింది సాధారణంగా అందులో ఉండేవాళ్లే, ఓనరు కాదు. మామూలుగా పది వాయిదాలు. అడిగితే పన్నెండు చేస్తారు.

ఒంటరిగా ఉంటే 25 శాతం తగ్గింపు ఉంటుంది, తప్పకుండా అడగండి. భార్యో భర్తో వీసా వచ్చి దిగిన రోజు నుంచి అది పోతుంది, ఆ మాట మనమే వాళ్లకి చెప్పాలి. మా ఆవిడ వచ్చిన సంబరంలో నేను మర్చిపోయాను. తర్వాత పాత బకాయి అంతా కలిపి ఒకేసారి బిల్లు వచ్చింది, తప్పు నాదే. ఇంకో జాగ్రత్త: తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే "కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్" వేరు. అది పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ సాయం కిందకి వస్తుంది. మీ వీసాలో ఆ సాయం తీసుకోకూడదన్న నిషేధం ఉంటే దాని జోలికి పోకండి. ఒంటరివాళ్ల తగ్గింపుకి ఆ ఇబ్బంది లేదు.

ఎవరిని ఏమడగాలి అన్నదే అసలు టెన్షన్. చెత్తబుట్టలు డిస్ట్రిక్ట్ పని: ఒక వారం నల్ల బిన్ (మామూలు చెత్త), మరో వారం నీలం బిన్ (రీసైక్లింగ్). రోడ్డు మీద గుంత కౌంటీ పని. నేను మొదట్లో గుంత గురించి డిస్ట్రిక్ట్‌కి మూడు మెయిళ్లు రాసి, పట్టించుకోవడం లేదని తిట్టుకున్నాను పాపం. బడులు, లైబ్రరీ, బర్త్ సర్టిఫికెట్ కౌంటీవి. ఇల్లు పెంచుకోవాలంటే అనుమతి డిస్ట్రిక్ట్‌ది. ఇంట్లో ఆవకాయ, సున్నుండలు చేసి అమ్మాలనుకునే అక్కలు మొదలుపెట్టే ముందు కనీసం 28 రోజులు ఉండగానే డిస్ట్రిక్ట్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. దానికి ఫీజు లేదు. ఐదుగురు బ్యాచిలర్లు ఒకే ఇంట్లో కలిసి ఉంటే ఓనరుకి డిస్ట్రిక్ట్ కౌన్సిల్ లైసెన్సు ఉందో లేదో అడగండి.

అన్నట్టు ఈ కౌన్సిల్ ఉద్యోగులు వారానికి నాలుగు రోజులే పని చేస్తారు, జీతం మాత్రం పూర్తిగా ఇస్తారు. 2023 జనవరిలో ప్రయోగంగా పెట్టి, 2025 జులైలో శాశ్వతం చేశారు. మన ఐటీ వాళ్లం ఇది విని నిట్టూర్చడం తప్ప చేసేదేం లేదు.

బడుల విషయంలో ఒక మాట. "విలేజ్ కాలేజ్" అని బోర్డు చూసి ఇంటర్మీడియట్ అనుకోకండి. అది పదకొండేళ్ల పిల్లలు చేరే హైస్కూలు. పగలు పిల్లలకి బడి, సాయంత్రం ఊరి పెద్దలకి కూడా చదువూ కాలక్షేపమూ ఉండాలని ఈ కౌంటీ విద్యాధికారి హెన్రీ మోరిస్ ఆలోచించాడు. మొదటిది 1930లో సాస్టన్‌లో వచ్చింది. ఇంపింగ్టన్‌లో ఉన్నదాని రూపకర్తల్లో జర్మన్ వాస్తుశిల్పి వాల్టర్ గ్రోపియస్ ఒకరు. దరఖాస్తు గడువు హైస్కూలుకి అక్టోబర్ 31, ప్రైమరీకి జనవరి 15. అవి దాటితే దగ్గర బడిలో సీటు కష్టం.

ఇల్లు ఎక్కడ తీసుకోవాలంటే, ముందు నేల చూడండి. ఉత్తరాన వాటర్‌బీచ్, కాటన్‌హామ్ వైపు ఫెన్ భూములు, అంటే ఒకప్పటి చిత్తడి నేలలు, చాప పరిచినట్టు చదునుగా ఉంటాయి. అక్కడ కొనేముందు వరద మ్యాపు చూసుకోండి. దక్షిణాన సుద్దరాతి మెట్ట. గ్రేట్ చిషిల్ దగ్గర 146 మీటర్లుంటే దాన్నే కౌంటీలో అతి ఎత్తయిన చోటు అంటారు. మన ఇంద్రకీలాద్రి చూసినవాళ్లకి నవ్వొస్తుంది. జీవశాస్త్రం ఉద్యోగాలకి వచ్చేవాళ్లు ఎక్కువగా దక్షిణానే ఉంటారు, జన్యు పరిశోధనా సంస్థ ఉన్న హింక్స్‌టన్ ఊరు అటే. మానవ జన్యుక్రమంలో సుమారు మూడో వంతు చదివింది అక్కడే. కేంబోర్న్‌లో మనవాళ్ల తోడుంది గానీ రైల్వే స్టేషన్ లేదు, అది గుర్తుపెట్టుకోండి.

ఓటు సంగతి చాలామందికి తెలియదు. కామన్‌వెల్త్ పౌరులం కాబట్టి వర్క్ వీసా మీద ఉన్న భారతీయులం కూడా ఇక్కడ ఓటు వేయవచ్చు. పారిష్ నుంచి పార్లమెంటు దాకా అన్ని ఎన్నికలకీ. నమోదు చేసేది డిస్ట్రిక్టే. ఓటరు జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకీ మంచిది. బూత్‌లో ఫోటో గుర్తింపు అడుగుతారు, మన ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది.

ఇదంతా నేర్చుకున్నాక ఇంకో మలుపు. కౌంటీ, డిస్ట్రిక్ట్ రెండంచెలు తీసేసి ఒకే కౌన్సిల్ చేయాలని ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో చెప్పింది, లక్ష్యం 2028 ఏప్రిల్. అప్పటిదాకా గుంతకి కౌంటీ, బిన్‌కి డిస్ట్రిక్ట్.