వాళ్లు ఆగిపోయిన చోట నుంచి రాయి

అమ్మాయీ,

హెల్ప్ పేజీలు రాసే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషమేసింది. నువ్వు పంపిన నమూనా రెండుసార్లు చదివాను. తప్పులేమీ లేవు. కానీ అది సాఫ్ట్‌వేర్ ముందే తెలిసినవాళ్ల కోసం రాసినట్టుంది. విషయసూచికలో 'ఫైల్ నిర్వహణ' అని పెట్టావు. మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఆ మాటతో వెతకడు. "నేను టైపు చేసిందంతా ఎక్కడికి పోయింది?" అని వెతుకుతాడు.

ఒకే వస్తువుకు ఇద్దరు మనుషులు ఒకే పేరు పెట్టే అవకాశం 20 శాతం కన్నా తక్కువని ఫర్నాస్, ఆయన తోటి పరిశోధకులు 1987లో తేల్చారు. నువ్వెంత ఆలోచించి పేరు పెట్టినా చాలామందికి అది తట్టదన్నమాట. అందుకే 'తీసేయడం', 'చెరపడం', 'వద్దనుకోవడం', ఏ మాట కొట్టినా 'డిలీట్' పేజీ దొరకాలి. ఈ మాటలు మన బుర్రలోంచి రావు. ఓ వారం సపోర్ట్‌కి వచ్చే ఫోన్లు విను, వాళ్లన్నది అన్నట్టే రాసుకో. సెర్చ్‌లో ఏమీ దొరకని మాటలను నెలనెలా చూడు. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఆ జాబితానే.

కొత్తవాళ్లు ముందు చదివి తర్వాత చేయరు. ముందు ఏదో ఒకటి నొక్కేస్తారు. 1980లలో ఐబీఎం కంప్యూటర్ కంపెనీలో జాన్ కారల్ అనే పరిశోధకుడు దీన్ని దగ్గరుండి గమనించి, మాన్యువల్‌ని బాగా కుదించి, పొరపాటు జరిగితే ఎలా బయటపడాలో అందులోనే చేర్చాడు. నువ్వూ ఆ దారే పట్టు. ప్రతి మెట్టు తర్వాత స్క్రీన్ మీద ఏం కనిపించాలో చెప్పు. అది కనిపించకపోతే ఏం చేయాలో ఆ పక్కనే చెప్పు. 'మీరు రాసింది పోలేదు' అన్న ఒక్క వాక్యం పైన ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ముందుమాట, ఫీచర్ల పరిచయం తీసేయి.

పిలవకుండా మీదికొచ్చే సాయం మాత్రం వద్దు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97లో, అడగకపోయినా సాయం చేస్తానంటూ స్క్రీన్ మీదికొచ్చే పేపర్ క్లిప్పు బొమ్మ క్లిప్పీ జనాన్ని ఎంత విసిగించిందంటే 2007 వెర్షన్‌ నాటికి దాన్ని పూర్తిగా తీసేశారు.

నేను రాసిన మొదటి హెల్ప్‌ని ఒకావిడ వాడుతుంటే పక్కన కూర్చుని చూశాను. హెల్ప్ తెరవగానే ఆవిడ పనిచేస్తున్న విండో దాని వెనక్కి పోయింది. పాపం, మెట్లన్నీ కాగితం మీద ఎక్కించుకుని, హెల్ప్ మూసేసి, అప్పుడు పని మొదలుపెట్టింది. నాకు చాలా బాధనిపించింది. నువ్వు హెల్ప్‌ని స్క్రీన్‌లో ఓ పక్కకే ఉంచు, పని కనబడుతూ ఉండాలి.

ముందు ప్రింట్ పేజీ ఒక్కటి తిరగరాసి, ఎప్పుడూ ప్రింట్ తీయని మనిషికి ఇచ్చి చూడు. నువ్వు నోరు విప్పకు. ఎక్కడ ఆగారో రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
బాబాయి