పచ్చి మామిడి చెక్క గిన్నె పగలకుండా ఆరాలంటే

రెండు రోజులు ఫ్యాను కింద పెడితే మీ మామిడి గిన్నె రెండు వైపులా ఎదురెదురుగా నెర్రె విచ్చిందన్నారు. తప్పు ఫ్యానుదే. ఆ రెండు చోట్లా చెక్క మీద సూదితో పొడిచినట్టు సన్నని రంధ్రాలు కనిపిస్తాయి, చూడండి. నీరు అక్కడి నుంచే తొందరగా పోతుంది. పైపొర ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఇక పగలక ఏమవుతుంది?

ఈసారి దుంగను నిలువునా చీల్చి, నడిమి బెండును పూర్తిగా తీసేయండి. అది మిగిలితే ఎన్ని జాగ్రత్తలు పడినా దండగే. 10 అంగుళాల గిన్నెకు అంచు అంగుళం మందం ఉంచి, మొదటి విడతగా లేత్ (చెక్కను గిర్రున తిప్పే యంత్రం) మీద తొలిచి ఆపండి. రంధ్రాలున్న చోట్ల కరిగించిన మైనం పూయండి. తర్వాత ఆ చెక్క పొట్టుతోనే కాగితపు సంచిలో పెట్టి, గాలి కొట్టని మూల ఉంచండి. ప్లాస్టిక్ సంచి వద్దు, మామిడికి బూజు ఇట్టే పడుతుంది (నా గిన్నె ఒకటి నీలి మచ్చలతో బయటికొచ్చింది).

వారానికోసారి వంటింటి త్రాసులో తూచి, గిన్నె అడుగున పెన్సిల్‌తో రాయండి. బరువు తగ్గడం ఆగిపోయాక, ఎన్ని నెలలైనా సరే, అప్పుడే రెండో విడత తొలవండి. ఈలోగా గిన్నె కోడిగుడ్డులా సాగుతుంది, కంగారు పడకండి. రెండో విడతలో మళ్లీ గుండ్రంగా తొలవడానికే ఆ అంగుళం మందం ఉంచింది.