కంప్యూటర్లు లేకుండా అజైల్ పద్ధతి నేర్పడం ఎలా?

ఒడిశాలోని రాయగడలో డిప్లొమా విద్యార్థులకు అజైల్ జట్టుపనిని, అంటే పనిని చిన్న చిన్న విడతలుగా చేసి, ప్రతి విడతలోనూ చూపించి, దిద్దుకుంటూ పోయే పద్ధతిని, ఆటగా నేర్పవచ్చా అని అడిగారు. నేర్పవచ్చు. తెరమీద బొమ్మలు చూపించే పాఠం కన్నా ఇదే మేలు.

లెగో ఇటుకలతో ఊరు కట్టించే ఆట స్క్రమ్ (అజైల్‌లో బాగా వాడే ఒక విధానం) శిక్షకులకు బాగా పరిచయం. లెగో ఖరీదనుకుంటే అగ్గిపెట్టెలు, అట్టముక్కలు, చీపురుపుల్లలు, జిగురు చాలు. అయిదారుగురిని ఒక జట్టు చేయండి. పని చేయించుకునే ఆసామి మీరే. నాగావళి మీద వంతెన, రైల్వే స్టేషన్, మజ్జిగౌరమ్మ గుడి, సంత... ముఖ్యమైనది పైన ఉండేలా జాబితా ఇవ్వండి. మూడు నిమిషాలు ప్రణాళిక, ఏడు నిమిషాలు కట్టడం, అయిదు నిమిషాలు చూపించి చర్చించుకోవడం. ఇలా మూడు విడతలు.

అసలు పాఠం మొదటి విడత చివర ఉంటుంది. వంతెన ముచ్చటగా ఉంటుంది, మీ చేతిలోని బొమ్మ బస్సు మాత్రం దానిమీద పట్టదు. మీరు పక్కనే ఉన్నా వెడల్పెంతని ఎవరూ అడిగి ఉండరు. మొహమాటం లేకుండా తిరస్కరించండి. సగం కట్టిన గుడినీ లెక్కలోకి తీసుకోవద్దు. ఒప్పందపు బేరాల కన్నా వినియోగదారుడితో కలిసి పనిచేయడం మిన్న అని 2001 నాటి అజైల్ ప్రకటన చెప్పింది, ఇలా పక్కనున్న ఆసామిని అడుగుతూ పనిచేయడం గురించే.

మూడో విడతకు ముందు ‘వరదలొస్తున్నాయి, వంతెన ఎత్తు పెంచండి’ అనండి. విడత నడుస్తుండగా వద్దు. దాని లక్ష్యానికి ముప్పు తెచ్చే మార్పులను స్క్రమ్ ఒప్పుకోదు. చర్చ తెలుగులోనో ఒడియాలోనో, వాళ్ల ఇష్టం. సమయం చాలకపోతే కట్టడంలో కోత పెట్టండి, చర్చలో కాదు.