లాటిస్‌లో వోర్టెక్స్ ఎందుకు ముక్కలవదు, ప్రాజెక్టులో ఏం చూపించాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: మామూలు నాన్‌లీనియర్ క్రిస్టల్‌లో (వెలుగును బట్టి రిఫ్రాక్టివ్ ఇండెక్స్ మారేది) వోర్టెక్స్ బీమ్ ముక్కలైపోతుంది కదా, లాటిస్ (రిఫ్రాక్టివ్ ఇండెక్స్ గళ్లగళ్లుగా మారే అమరిక) ఉంటే ఎందుకు నిలబడుతుంది, కడపలో ల్యాబ్ లేకుండా ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా చేయొచ్చా అని. చేయొచ్చు. నేను అనంతపురంలో ఎస్కేయూలో (శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం) చదివేటప్పుడు దాదాపు ఇదే చేశాను, ల్యాప్‌టాప్ మీదే, మే నెల ఎండకు అది వేడెక్కి ఆగిపోతుంటే రాత్రిపూట రన్ పెట్టుకునేవాణ్ణి.

ముందు లాటిస్ లేని సంగతి. సెల్ఫ్ ఫోకసింగ్ క్రిస్టల్‌లో వెలుగు ఎక్కువున్న చోట రిఫ్రాక్టివ్ ఇండెక్స్ పెరుగుతుంది, పెరిగిన చోటికి ఇంకా వెలుగు చేరుతుంది. వోర్టెక్స్ అంటే నడుమ చీకటిగా ఉన్న రింగు, దాని చుట్టూ తిరిగేకొద్దీ ఫేజ్ (తరంగం దశ) మారుతూ పోతుంది. ఆ రింగులో ఒక చోట వెలుగు కాస్త పెరిగినా పక్కనున్నదంతా అక్కడికే లాగేసుకుంటుంది, ఛార్జ్ 1 అయితే (ఒక చుట్టుకు ఫేజ్ 360 డిగ్రీలు మారేది) మామూలుగా రెండు ముక్కలవుతుంది, కోణీయ ద్రవ్యవేగం పోదు కాబట్టి ఆ ముక్కలు టాంజెంట్ వెంబడి ఎగిరిపోతాయి.

లాటిస్ ఉంటే రింగు నాలుగు చుక్కలుగా కూర్చుంటుంది, వాటి ఫేజ్ వరుసగా 0, 90, 180, 270 డిగ్రీలు. అసలు కిటుకంతా ఆ 90లోనే ఉంది. పక్కపక్క చుక్కల మధ్య ఆకర్షణ, వికర్షణ ఫేజ్ తేడా కొసైన్‌ను బట్టి ఉంటాయి, 90కి అది సున్నా. శక్తి ప్రవాహం సైన్‌ను బట్టి ఉంటుంది, 90కి అది గరిష్ఠం. అందుకని ప్రతి చుక్కకూ ఒక పక్క నుంచి ఎంత వస్తుందో రెండో పక్కకు అంతే పోతుంది, శక్తి గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, చుక్కలు మాత్రం లాటిస్ పట్టుకున్న చోటు నుంచి కదలవు. అయితే లాటిస్ మరీ బలహీనమైతే రింగు మళ్లీ విరుగుతుంది, పవర్ మరీ తగ్గితే వెలుగు లాటిస్‌లోని పక్క సైట్లలోకి (గళ్లలోకి) పాకిపోతుంది, కాబట్టి ఈ రెండు హద్దులూ నీ ప్రాజెక్టులో కనిపించాలి.

చరిత్ర ఒక పేరాలో రాస్తే చాలు: 1988లో క్రిస్టోడౌలిడీస్, జోసెఫ్ డిస్క్రీట్ సాలిటాన్లను (లాటిస్‌లో చెదరకుండా సాగే వెలుగు) ఊహించారు, 1998లో అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ వేవ్‌గైడ్లలో అవి కనిపించాయి, 2003లో ఎస్‌బీఎన్ (స్ట్రోన్షియం బేరియం నియోబేట్) క్రిస్టల్‌లో రెండు దిశల లాటిస్‌లో, 2004లో అదే రకం లాటిస్‌లో వోర్టెక్స్‌లు. ఎస్‌బీఎన్ ఎందుకో మాత్రం బాగా రాయి. అందులో లాటిస్‌ను కూడా లేజర్ కిరణాల ఇంటర్‌ఫియరెన్స్‌తోనే వేస్తారు. ఆ కిరణాల పోలరైజేషన్‌కు ఎలక్ట్రో ఆప్టిక్ ఎఫెక్ట్ (విద్యుత్ క్షేత్రంతో రిఫ్రాక్టివ్ ఇండెక్స్ మారడం) చాలా తక్కువ కాబట్టి లాటిస్ చెదరదు, దానికి లంబంగా ఉన్న పోలరైజేషన్‌తో వెళ్లే ప్రోబ్ బీమ్‌కు (మనం పరీక్షించే కిరణానికి) మాత్రం ఎఫెక్ట్ బలంగా తగులుతుంది. ఈ ఏర్పాటు ఎంత అందమైనదో చదివేకొద్దీ తెలుస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. ఇంటెన్సిటీ బొమ్మ ఒక్కటే పెట్టొద్దు. నా వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ మొదట అడిగింది "నాలుగు చుక్కలు కనిపిస్తున్నాయి సరే, ఇది వోర్టెక్సే అని ఎట్ల చెప్తావు?" అని. న్యాయమైన ప్రశ్న, ఎందుకంటే నాలుగూ ఒకే ఫేజ్‌లో ఉన్నా, ఒకటి విడిచి ఒకటి 180లో ఉన్నా ఇంటెన్సిటీలో నాలుగు చుక్కలే కనిపిస్తాయి. నేను ఫేజ్ మ్యాప్, దాని పక్కనే కాస్త వాలుగా వచ్చే ప్లేన్ వేవ్‌తో కలిపిన ఇంటర్‌ఫియరెన్స్ బొమ్మ చూపించాను. నడుమ ఒక గీత రెండుగా చీలి ఉంటుంది, ప్రయోగాల్లోనూ వోర్టెక్స్‌ను అట్లే గుర్తుపడతారు. ఆయన ఇంకేం అడగలేదు.

కోడ్‌కు పైథాన్‌లో స్ప్లిట్ స్టెప్ ఫోరియర్ (బీమ్‌ను చిన్న చిన్న అడుగుల్లో ముందుకు నడిపే పద్ధతి) సరిపోతుంది. నాన్‌లీనియారిటీ సాచురేట్ అయ్యే రకమే పెట్టుకో, ఉత్త కెర్ (వెలుగు పెరిగేకొద్దీ ఇండెక్స్ హద్దు లేకుండా పెరిగే రకం) అయితే రెండు దిశల్లో బీమ్ కుప్పకూలిపోతుంది. మొదట్లోనే కొంచెం నాయిస్ కలుపు, లేకపోతే విరగాల్సింది కూడా విరగకుండా చాలా దూరం పోతుంది. అంచుల్లో వెలుగును పీల్చేసే పొర తప్పనిసరి, ఆ పద్ధతిలో వాడే ఎఫ్‌ఎఫ్‌టీకి (ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్) అంచు అంటూ ఉండదు కాబట్టి కుడివైపు పోయిన వెలుగు ఎడమవైపు నుంచి తిరిగొచ్చి బొమ్మ మొత్తం పాడు చేస్తుంది. లాటిస్ లేకుండా ఒకటి, ఉండి ఒకటి, అదే నాయిస్‌తో నడిపి పక్కపక్కన పెట్టు. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే కింద రాయి, చూస్తాను.