ఎక్స్‌రే ఖగోళశాస్త్రంలో పరిశోధన చేయొచ్చా?

ప్రశ్న: డిగ్రీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లోని వేడి వాయువు, ధూళిపై ఎక్స్‌రేలతో పరిశోధన చేయాలనుంది. అవి ముసలి గెలాక్సీలని, కొత్తగా కనిపెట్టేదేమీ లేదని సీనియర్లు అంటున్నారు. నా కోడింగ్ కూడా అంతంతమాత్రమే. ఈ దారిలో వెళ్లొచ్చా?

జవాబు: మీ సీనియర్ల మాట సగమే నిజం. ఈ గెలాక్సీల్లో కొత్త నక్షత్రాలు పుట్టడం దాదాపు ఆగిపోయింది. అందుకే వీటిలో వాయువు పెద్దగా ఉండదని చాలాకాలం అనుకున్నారు. 1978లో అంతరిక్షంలోకి వెళ్లిన ఎక్స్‌రే టెలిస్కోప్ ఐన్‌స్టీన్ అబ్జర్వేటరీ ఆ అభిప్రాయాన్ని మార్చేసింది. పెద్ద దీర్ఘవృత్తాకార గెలాక్సీలను దాదాపు కోటి డిగ్రీల వేడి వాయువు ఆవరించి ఉందని, అది ఎక్స్‌రేల్లో వెలుగుతోందని తేలింది.

అలా వెలుగుతూ శక్తి కోల్పోయే వాయువు చల్లబడి, నక్షత్రాలుగా మారాలి కదా? అనుకున్నంతగా మారడం లేదు. 1999లో ప్రయోగించిన చంద్రా ఎక్స్‌రే టెలిస్కోప్ తీసిన చిత్రాల్లో, ఎన్‌జీసీ 5813 లాంటి గెలాక్సీల వాయువులో పెద్ద పెద్ద బుడగలు కనిపించాయి. నడిమధ్య ఉన్న కృష్ణబిలం దగ్గర్నుంచి ఎగజిమ్మే కణాల ధారలే (జెట్లే) వాయువును పక్కకు నెట్టి, మళ్లీ వేడెక్కిస్తున్నాయని ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. జెట్ల నుంచి వచ్చే వేడి, వాయువంతటికీ ఎలా పాకుతోందన్నది ఇంకా తేలలేదు. వాయువు కదలికల వేగాన్ని సూటిగా కొలవగల ఎక్స్‌రిజమ్ అనే ఎక్స్‌రే టెలిస్కోప్ 2023లోనే పైకి వెళ్లింది. కాబట్టి పని అయిపోయిందనడం తొందరపాటు.

నన్నడిగితే ధూళి ఇంకా ఆసక్తికరం. వేడి వాయువులోని అయాన్లు ఢీకొట్టి ధూళి రేణువులను అరగదీసేస్తాయి. మైక్రాన్‌లో పదో వంతు ఉండే రేణువు అక్కడ కోటి నుంచి పది కోట్ల ఏళ్లకు మించి నిలవడం కష్టం. గెలాక్సీ వయసేమో వందల కోట్ల ఏళ్లు. అయినా చాలావాటిలో నల్లటి ధూళి చారలు కనిపిస్తాయి. ముసలి నక్షత్రాలు వదిలిందా, మింగేసిన చిన్న గెలాక్సీ నుంచి వచ్చిందా, చల్లబడుతున్న వాయువులోనే తయారైందా? ఒక్కో గెలాక్సీకి ఒక్కో జవాబు రావచ్చు. పైగా ధూళి జాడ తెలిసేది ఎక్కువగా మామూలు కాంతిలో, పరారుణ కాంతిలో. దాన్ని అరగదీస్తున్న వాయువు వేడి, సాంద్రత ఎంతో ఎక్స్‌రేలు చెబుతాయి. ఎక్స్‌రేలు ఒక్కటే నేర్చుకుంటానంటే ఈ ప్రశ్న మీకు లొంగదు.

అందమైన చిత్రాలు చూసి మాత్రం ఈ రంగం ఎంచుకోకండి. ఇక్కడ రోజంతా స్పెక్ట్రమ్‌తో, అంటే ఏ శక్తి ఉన్న ఎక్స్‌రేలు ఎన్ని వచ్చాయో చూపే గ్రాఫ్‌తో కుస్తీ పట్టాలి. మసక గెలాక్సీ నుంచి కొన్ని వందల ఫోటాన్లే (కాంతి కణాలే) అందొచ్చు. వాటిలో జంట నక్షత్రాల నుంచి వచ్చినవి, బ్యాక్‌గ్రౌండ్‌వి వేరుచేయాలి. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఉన్న వాయువును ఒకే ఉష్ణోగ్రత అనుకుని లెక్కిస్తే, అందులోని ఇనుము అసలు కన్నా తక్కువగా తేలుతుంది. ఇలాంటి చోట ఆదుకునేది స్టాటిస్టిక్స్. దాన్ని ఇప్పటినుంచే గట్టిగా చదవండి. కోడింగ్ గురించి టెన్షన్ వద్దు, పైథాన్ పని చేస్తూ చేస్తూ వస్తుంది.

మీకు సరిపడుతుందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. చంద్రా, ఎక్స్‌ఎంఎం-న్యూటన్ అనే ఎక్స్‌రే టెలిస్కోప్‌ల పాత పరిశీలనల డేటా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఎన్‌జీసీ 4636 అనే గెలాక్సీ డేటా దించుకోండి. చంద్రా డేటా కోసం తయారుచేసిన సీఐఏఓ సాఫ్ట్‌వేర్‌తో స్పెక్ట్రమ్ తీసి, స్పెక్ట్రమ్‌ను విశ్లేషించే ఎక్స్‌స్పెక్ సాఫ్ట్‌వేర్‌లో వాయువు ఉష్ణోగ్రత లెక్కించండి. అచ్చయిన పరిశోధన పత్రంలోని అంకెతో పోల్చండి. రెండూ కలవకపోతే ఎందుకో తవ్వాలనిపించిందా, విసుగొచ్చిందా? మార్కుల కన్నా నేను దీన్నే నమ్ముతాను.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్పాలి. శాశ్వత పరిశోధక పోస్టులు తక్కువ. పీహెచ్‌డీ తర్వాత ఒకటి రెండు తాత్కాలిక ఫెలోషిప్‌లు మామూలే. బయటకు రావాల్సి వస్తే డేటా సైన్స్, ఇమేజింగ్ రంగాల్లో ఈ అనుభవం పనికొస్తుంది. ఇంట్లోవాళ్లతో ఈ రెండు విషయాలూ ముందే మాట్లాడుకోండి.

గైడ్‌ని వెతికేటప్పుడు ఎక్స్‌రే, పరారుణ డేటా రెండూ వాడే బృందాలను ముందు చూడండి. వాళ్లకు రాసే మెయిల్‌లో మీరు గీసిన స్పెక్ట్రమ్ జతచేసి, అందులో మీకు అంతుపట్టని ఒక్క విషయం అడగండి.